పురానాపూల్ – యాత్రికుల చూపు, జనశ్రుతి, చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్యంలో నదీవర్ణనలు కోకొల్లలు. నదిని దాటించే వంతెన వర్ణనలు మాత్రం అరుదు. రామాయణంలోని సేతువును మినహాయిస్తే, కావ్యలోకంలో వంతెనకు చెప్పుకోదగిన చోటు దక్కలేదు. ఇందుకు ఒక కారణం పూర్వుల కీర్తిభావనలోనే కనిపిస్తుంది. మనిషి పోయిన తరువాత కూడా పేరు నిలిపేవిగా చెప్పుకున్న సప్తసంతానాలలో పుత్రుడు, కృతి, తటాకం, దేవాలయం, వనం, నిధి, అగ్రహారం ఉన్నాయి; వంతెన లేదు. చెరువు తవ్వించిన ప్రభువుకు శాసనం దక్కింది, కృతిని అందుకున్న ప్రభువుకు అవతారిక దక్కింది. వంతెన కట్టించిన ప్రభువుకు ఆ స్థాయి కావ్యగౌరవం లభించలేదు. ఆ ఖాళీని జనశ్రుతి నింపింది.

హైదరాబాదులో మూసీనదిపై ఉన్న పురానాపూల్ దీనికి చక్కని ఉదాహరణ. 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఈ వంతెనను చూడబోయే సందర్శకునికి సాధారణంగా వినిపించేది ఒక ప్రేమకథ. యువరాజైన మహమ్మద్ కులీ తన ప్రియురాలు భాగమతిని కలుసుకోవడానికి వరదలో ఉన్న మూసీలోకి గుర్రాన్ని దూకించాడని, కుమారుని ప్రాణానికి భయపడిన తండ్రి ఈ వంతెన కట్టించాడని ఆ కథ. మధురమైన కథ కనుక అది పర్యాటక రచనలలోను, పత్రికలలోను స్థిరపడిపోయింది. అయితే ఆ కథ చెప్పినంతసేపూ వంతెన ఎందుకు కట్టారు, ఎవరు దాటారు, ఏ ప్రభువు ఏ అవసరంతో అంత వ్యయానికి పూనుకున్నాడు అన్న ప్రశ్నలు తలెత్తవు. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు సాహిత్య చరిత్రకు సన్నిహితుడైన ప్రభువు కావడం వల్ల ఈ ప్రశ్నలు తెలుగు పరిశోధకులకు కూడా సంబంధించినవే. కాలగణన, విదేశీ యాత్రికుల సాక్ష్యం, స్థలనామ పరిశీలన అనే మూడు ఆధారాలతో ఈ వంతెన చరిత్రను, దాని చుట్టూ అల్లుకున్న జనశ్రుతిని వేరువేరుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కట్టించిన ప్రభువు – కట్టిన పద్ధతి

ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుండి 1580 వరకు గోల్కొండను పాలించాడు. రాజ్యానికి రాకముందు సోదరుడైన జంషీద్‌కు భయపడి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు 7 సంవత్సరాలు గడిపాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవి ఆయన ఆదరణ పొందాడు. ఆయన ఉద్యోగులలో ఒకడైన అమీన్‌ఖాను పొన్నిగంటి తెలగనార్యుని చేత యయాతిచరిత్రను కృతిగా అందుకొన్నాడు. అచ్చతెలుగులో వెలువడిన తొలి కావ్యంగా అది ప్రసిద్ధం. ఇబ్రహీం పాలనలోనే హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం చెరువులు వెలిశాయి. గోల్కొండ కోట గోడలు బలపడ్డాయి. అంటే సప్తసంతానాలలో తటాకాన్ని, కృతిని సంపాదించిన ప్రభువే ఆ జాబితాకు వెలుపల ఉన్న వంతెనను కూడా కట్టించాడు.

పురానాపూల్‌కు 22 కమానులు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు, నదీగర్భం నుండి ఎత్తు 54 అడుగులని లెక్క. గోడ మందంతో కలుపుకొని ఒక్కొక్క కమానుకు సగటున 27 అడుగుల చోటు వస్తుంది. ఈ కొలతలలో వెడల్పు ప్రత్యేకంగా గమనించదగినది. ఒక రౌతు నది దాటడానికి 35 అడుగుల వెడల్పు అక్కరలేదు. ఎదురెదురుగా వచ్చే ఎద్దుబండ్లు, ఏనుగులు, సరకు మోసే పెరికెద్దుల గుంపులు ఒకదానికొకటి అడ్డుపడకుండా సాగిపోవాలంటే అంత వెడల్పు కావాలి. కట్టడం కొలతలే దాని ప్రయోజనాన్ని చెబుతున్నాయి.

నిర్మాణ పద్ధతిని అర్థం చేసుకోవడానికి మరొక వంతెనతో పోలిక ఉపకరిస్తుంది. హంపి వద్ద తుంగభద్రలో నేటికీ రాతిస్తంభాల వరుసలు కనిపిస్తాయి. విజయనగర కాలపు వంతెనకు అవి అవశేషాలు. స్తంభాలపై రాతిపలకలు పరచే పద్ధతి అది. రాతిపలక పొడవు పెరిగేకొద్దీ తన బరువుకే నడుమ విరిగే ప్రమాదం ఉంటుంది. కనుక స్తంభాలను దగ్గర దగ్గరగా నిలపాలి. అవి దగ్గరగా ఉన్నప్పుడు వరదలో కొట్టుకువచ్చే చెట్లు వాటికి అడ్డుపడతాయి, వెనుక నీరు నిలుస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. కమాను పద్ధతిలో రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకొని పైబరువును ఇరుపక్కల ఉన్న గోడలకు అందిస్తాయి. రాయికి వంగే గుణం లేకున్నా నలగకుండా ఒత్తిడిని ఓర్చుకొనే గుణం ఉంది. కమాను ఆ గుణాన్నే వాడుకొంటుంది. ఫలితంగా నీటికి వెడల్పయిన దారి దొరుకుతుంది. సంవత్సరంలో ఎక్కువ కాలం సన్నగా పారుతూ, ఉన్నట్టుండి పొంగే మూసీ వంటి నదికి తగిన పద్ధతి ఇదే. ఈ ఎంపిక ఎంత సరైనదో తరువాతి వరదలు నిరూపించాయి.

తావెర్నియే సాక్ష్యం

కుతుబ్‌షాహీల కాలంలోనే ఈ వంతెనను చూసి వర్ణించిన విదేశీయులలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు జాఁ బాప్తీస్త్ తావెర్నియే ముఖ్యుడు. ఆయన యాత్రాగ్రంథం 1676లో వెలువడింది. పట్టణాన్ని ఆయన భాగ్‌నగర్ అనే పేరుతో పేర్కొన్నాడు. ఇక్కడి పెద్ద రాతివంతెన ప్యారిస్‌లోని పోఁ నఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని మెచ్చుకొన్నాడు.

ఈ పోలికను తరచుగా ఒక ప్రశంసగా మాత్రమే పేర్కొని వదిలేస్తారు. దానిలో అంతకన్న ఎక్కువ విషయం ఉంది. పోఁ నఫ్ అంటే ఫ్రెంచి భాషలో ‘కొత్త వంతెన’ అని అర్థం. దానికి రాజు మూడవ హెన్రీ 1578 మే నెలలో శంకుస్థాపన చేశాడు. అంతర్యుద్ధాల వల్ల పని ఆగి, నాలుగవ హెన్రీ కాలంలో 1607 నాటికి పూర్తయింది. సెన్ నదిపై ఆ వంతెన పని మొదలైన సంవత్సరంలోనే మూసీపై వంతెన పూర్తయింది. 1605లో ప్యారిస్‌లో పుట్టిన తావెర్నియేకు పోఁ నఫ్ బాల్యం నుండి పరిచితమైన కట్టడం. అందువల్ల ఆయన పోలిక దూరదేశపు వింతను చూసిన ఆశ్చర్యం కాదు. తెలిసిన కొలబద్దతో తెలియనిదాన్ని కొలిచిన వర్తకుని అంచనా. వజ్రానికి విలువ కట్టడం వృత్తిగా గల మనిషి ఇచ్చిన అంచనా కనుక దానికి కొంత బరువు ఉంది.

తావెర్నియే వంతెనను పట్టణ జీవనంలో భాగంగా చూశాడు. వంతెనకు ఒక దరిన రాజోద్యోగులు, సైనికాధికారులు, ఘనులు నివసించే పట్టణం. మరొక దరిన వర్తకులు, దళారులు, చేతిపనివారు, సామాన్యులు నివసించే శివారు. పగలు పది, పదకొండు గంటలకు వర్తకులు, దళారులు పట్టణంలోకి వచ్చి పరదేశి వ్యాపారులతో బేరసారాలు జరిపి, సాయంకాలం నాలుగు, అయిదు గంటలకు తమ ఇండ్లకు తిరిగి వెళ్లేవారని ఆయన రాశాడు. పట్టణంలో ప్రవేశించదలచిన పరదేశులను ద్వారం వద్ద ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని సోదా చేసేవారని, రాజుకు వాటిపై వచ్చే రాబడి ముఖ్యమైనదని కూడా పేర్కొన్నాడు. ఈ వివరాలను కలిపి చదివితే పురానాపూల్ అసలు స్వరూపం తెలుస్తుంది. అది శ్రామికులను, సరకును, సుంకాన్ని రోజూ ఒక దరి నుండి మరొక దరికి చేర్చే దారి. నగరంలోని సామాజిక విభజనకు అది సరిహద్దు. ఆ విభజన నడుమ రాకపోకలకు సాధనం కూడా.

1666–67 ప్రాంతంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన మరొక ఫ్రెంచి యాత్రికుడు తెవెనో నదిని గురించి ఒక విలువైన మాట రాశాడు. తాను చూసినప్పుడు వాగులాగా ఉన్న నది వానకాలంలో ప్యారిస్‌లో లూవ్రు రాజప్రాసాదం ఎదుట పారే సెన్ నదంత వెడల్పు అవుతుందని ఆయన మాట. తావెర్నియే వంతెనను ప్యారిస్‌తో కొలిచాడు. తెవెనో నదిని ప్యారిస్‌తో కొలిచాడు. వేసవిలో వాగు, వానలో మహానది అన్న ఈ ద్వంద్వస్వభావమే అంత పొడవైన వంతెన అవసరాన్ని వివరిస్తుంది.

గండికోట – వంతెన లేని నది

తావెర్నియే చూపును సరిగా అంచనా వేయడానికి ఆయన చూసిన మరొక తెలుగు నదీతీరాన్ని పక్కన పెట్టి పరిశీలించాలి. 1652లో ఆయన వజ్రాలు, ముత్యాల బేరం విషయమై గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకోవడానికి నేటి కడప జిల్లాలోని జమ్మలమడుగు సమీపాన గల గండికోటకు వచ్చాడు. అంతకు కొద్దికాలం ముందే ఆ కోట మీర్ జుమ్లా వశమైంది. కొండను తొలిచి చేసిన ఇరుకుదారిని, ఒక పక్కన భయం గొలిపే లోతైన లోయను, దాని అడుగున పారే పెద్ద నదిని ఆయన వర్ణించాడు. ఆ నది పెన్న. లింగాల మండలంలోని పార్నపల్లె మీదుగా వచ్చే చిత్రావతి గండికోటకు ఎగువన పెన్నలోనే కలుస్తుంది.

గండికోట వద్ద పెన్నపై వంతెన లేదు, ఉండకూడదు కూడా. గండి అనే మాటకు కొండల నడుమ నది చీల్చుకొన్న దారి అని అర్థం. ఆ గండే కోటకు అగడ్త. నదిని దాటడం ఎంత కష్టమైతే కోటకు అంత రక్షణ. గోల్కొండ కోట సైతం మూసీకి ఉత్తరపు దరిన కొండపై నిలిచిన దుర్గమే. అయితే ఇబ్రహీం తన రాజధానికి సమీపంలో నదిని దాటడం సులభం చేశాడు. ఈ భేదం ఒక రాజనీతి మార్పును సూచిస్తుంది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత దక్షిణం నుండి విజయనగరం ఒత్తిడి తగ్గింది. కోటలో జనం కిక్కిరిసిపోయారు. మచిలీపట్నం రేవుకు, కృష్ణాతీరానికి సాగే వ్యాపారం పెరిగింది. దక్షిణపు దరి ఇక శత్రువు వచ్చే దిక్కు కాదు. ఊరు విస్తరించే దిక్కు. భయపడే రాజ్యం నదిని అడ్డంగా ఉంచుకొంటుంది, వ్యాపించే రాజ్యం దానిపై వంతెన కడుతుంది.

గండికోట నుండి గోల్కొండకు తిరిగివెళ్లే దారిలో తావెర్నియే పెద్ద నదిని తోలు కప్పిన గంపల వంటి పడవలలో దాటిన వైనం కూడా రాశాడు. తెలుగువారు పుట్టి అనీ, అరిగోలు అనీ పిలిచే సాధనం అది. దారి పొడవునా నదులను పుట్టిలోనో, ఇసుకలో నడిచో దాటుకుంటూ వచ్చిన ప్రయాణికునికి రాజధాని ముంగిట 22 కమానుల రాతివంతెన కనిపించినప్పుడు కలిగే భావం ఎట్టిదో ఈ నేపథ్యంలో అర్థమవుతుంది. వంతెన రాజ్యవైభవాన్ని చాటే తొలి దృశ్యం.

ఈ అనుభవానికి తెలుగు యాత్రికుల వైపు నుండి సమాంతరం ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం ప్రాంతాల మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుండి కాశీకి సాగిన ఆయన, నదులు, మజిలీలు, బాటల స్థితిగతులు రాబోయే బాటసారులకు ఉపకరించేలా కాశీయాత్రచరిత్రలో నమోదు చేశాడు. చాదర్‌ఘాట్ వంతెన 1831లో గాని పూర్తి కాలేదు. కనుక ఆయన హైదరాబాదులో ఉన్న నాటికి, కట్టి 250 సంవత్సరాలు గడిచినా, నగరం వద్ద మూసీపై పూర్తయిన పెద్ద రాతివంతెనగా నిలిచినది ఇబ్రహీం కట్టించినదే.

ప్రేమకథ – కాలగణన

జనశ్రుతిని పరీక్షించడానికి మొదటి సాధనం కాలం. మహమ్మద్ కులీ 1565–66 ప్రాంతంలో జన్మించాడు, 1580లో రాజయ్యాడు. వంతెన 1578లో పూర్తయింది. అప్పటికి అతని వయసు 12, 13 సంవత్సరాలు. ఇంత పెద్ద కట్టడం ఒక్క ఋతువులో లేచేది కాదు. నీరు తగ్గిన నెలలలో మాత్రమే నదీగర్భంలో పునాదులు వేయగలరు కనుక పని ఆరంభం మరికొంత వెనుకకు పోతుంది. అంటే కథ ప్రకారం వరదలో గుర్రాన్ని దూకించిన ప్రియుడు ఇంకా బాలుడు. కథకు ఆధారం ఇక్కడే సడలిపోతుంది.

రెండవ సాధనం మౌనసాక్ష్యం. భాగమతి పేరుతో ముడిపడిన నగర నిర్మాణ కథ తావెర్నియేకు తెలుసు. రాజుకు ప్రియమైన భార్య ఒకతె నదీతీరంలోని ఆ ఉద్యానస్థలం నగరానికి, రాజభవనానికి అనువైనదని పదేపదే కోరడం వల్ల భాగ్‌నగర్ వెలసిందని ఆయన రాశాడు. అదే ప్రకరణంలో వంతెన సొగసును ప్రశంసించాడు. కాని ప్రేమకథను వంతెనతో ముడిపెట్టలేదు. కథ తెలిసిన వాడు, వంతెనను మెచ్చిన వాడు, రెండింటినీ కలపలేదంటే, 17వ శతాబ్ది మధ్యభాగంలో ఆయన చెవిన పడిన జనవాక్యంలో ఆ ముడి లేదని భావించవచ్చు. మౌనం ఎప్పుడూ నిర్ణాయకమైన సాక్ష్యం కాదు. కాలగణనతో కలిసినప్పుడు మాత్రం దానికి బలం చేకూరుతుంది.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేయడం అవసరం. భాగమతి చారిత్రక వ్యక్తి అవునా కాదా అన్నది ఒకటి. వంతెన ఆమె కోసం కట్టినదా అన్నది మరొకటి. మొదటి ప్రశ్నపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కుతుబ్‌షాహీ చరిత్రను సమగ్రంగా రచించిన హెచ్.కె. షేర్వానీ ఆమె ఉనికిని అంగీకరించలేదు; ఫెరిష్తా ప్రస్తావన వంటి ఆధారాలతో నరేంద్ర లూథర్ ఆమె ఉనికిని సమర్థించాడు. ఈ వివాదం ఎటు తేలినా రెండవ ప్రశ్నకు సమాధానం మారదు. భాగమతి ఉన్నదని అంగీకరించినా, వంతెన పూర్తయిన నాటికి మహమ్మద్ కులీ వయసు పెరగదు. రెండు ప్రశ్నలనూ కలిపివేయడం వల్లనే ఒకదానిని సమర్థించేవారు రెండవదానిని కూడా సమర్థించవలసి వస్తున్నది.

మూడవ విషయం కార్యకారణ క్రమం. హైదరాబాదు నగరానికి మహమ్మద్ కులీ 1591లో పునాది వేశాడు. అప్పటికి వంతెన వయసు 13 సంవత్సరాలు. దక్షిణపు దరిన నగరం వెలిసింది కనుక వంతెన రాలేదు. వంతెన ఉన్నది కనుక దక్షిణపు దరిన నగరం సాధ్యమైంది. చార్మినారు కొడుకు పేరును చాటుతుంది. ఆ చార్మినారు దగ్గరికి రాళ్లు, సున్నం, మనుషులు చేరే దారిని తండ్రి ముందే వేశాడు. జనశ్రుతి ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, తండ్రి ముందుచూపును కొడుకు ప్రణయానికి అనుబంధంగా మార్చింది.

పేరు చెప్పే చరిత్ర

జనశ్రుతికి ఒక స్థలనామ వ్యుత్పత్తి కూడా తోడైంది. ప్రేమకు గుర్తుగా మొదట దీనిని ‘ప్యారానా పూల్’ అనేవారని, అది కాలక్రమంలో ‘పురానా పూల్’ అయిందని చెబుతారు. ఈ వ్యుత్పత్తిని అంగీకరించడం కష్టం. ‘పాత’ అనేది సాపేక్షమైన విశేషణం. పక్కన కొత్తది వచ్చేవరకు దేనినీ పాతది అనరు. 1831లో చాదర్‌ఘాట్ వంతెన, ఆ తరువాత 1859–60 ప్రాంతంలో అఫ్జలుద్దౌలా కాలంలో అఫ్జల్ వంతెన వచ్చాయి. అఫ్జల్ వంతెన నేటికీ జనవ్యవహారంలో నయాపూల్, అంటే కొత్త వంతెన. నయాపూల్, పురానాపూల్ అనేవి జంటపేర్లు. ఒకటి లేకుండా రెండవదానికి అర్థం నిలవదు. కనుక ‘పురానా’ అనే పేరు 19వ శతాబ్దిలో స్థిరపడిందని, దానిపై ఆధారపడిన ‘ప్యారానా’ వ్యుత్పత్తి ఆ తరువాతి ఊహ అని భావించడం సమంజసం. ప్యారిస్‌లో దీనికి విలోమమైన స్థితి ఉంది. అక్కడ నేడు నిలిచి ఉన్న వంతెనలన్నిటిలో పాతదైన వంతెనకే ‘కొత్త వంతెన’ అని పేరు. పేరు పెట్టిన క్షణాన్ని భాష పదిలపరుస్తుంది. వస్తువు వయసును కాదు.

ఈ సందర్భంలో తెలుగులోని వారధి అనే మాట కూడా ఆలోచింపదగినది. సంస్కృతంలో వారిధి, వార్ధి అనే రూపాలకు సముద్రమని అర్థం. తెలుగు వ్యవహారంలో వారధి అంటే వంతెన. వారధికి సేతువు కట్టిన రామకథ నోటినోట నలిగి, కట్టబడినదాని పేరు కట్టడానికి వచ్చి ఉండవచ్చు. ఉత్పత్తి ఏదైనా, తెలుగువారి మనసులో వంతెన భావన రామాయణంతో ముడిపడి ఉన్నదనడానికి ఇది గుర్తు. వంతెన అనగానే విరహం, ప్రియురాలు, దాటవలసిన నీరు స్ఫురించే జాతికి మూసీ వంతెనపై ప్రేమకథ సహజంగానే అతుకుతుంది. కథ చరిత్ర కాకపోవచ్చు. కథ అతికిన తీరు మాత్రం సాంస్కృతిక చరిత్రలో భాగమే.

వరదల పరీక్ష

కట్టడం విలువను యాత్రికుని మెప్పు కన్న వరద కచ్చితంగా తేలుస్తుంది. 1820లో వచ్చిన వరదకు వంతెన దెబ్బతిన్నది. నిజాం సికందర్ జా మరమ్మతు చేయించాడు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగర చరిత్రలోనే ఘోరమైనది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. పురానాపూల్ దెబ్బతిన్నా నిలిచింది. రెండు దరులకూ నడుమ కొంతకాలం అదే ఆధారమైంది. 330 సంవత్సరాల నాటి కట్టడం నిలిచి, అంతకన్న చాలా తరువాత కట్టినవి తెగిపోయాయన్నది నిర్మాణచరిత్రకారుల దృష్టికి రావలసిన విషయం.

ఆ వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్నాడు. రుబాయీ కవిగా ప్రసిద్ధుడైన ఆయన రచనలలో ఆ దుఃఖం ఛాయ కనిపిస్తుంది. ఊహాజనితమైన ప్రణయకథలో మూసీ వరద ఒక సన్నివేశాలంకారం. అమ్జద్ జీవితంలో అది నిజం. పురానాపూల్‌పై నిలిచినవారికి మొదటి వరద కథ వినిపిస్తున్నది గాని, రెండవ వరద చరిత్ర వినిపించడం లేదు. జనశ్రుతి వల్ల కలిగే నష్టం తేదీల తారుమారు మాత్రమే కాదు. నిజంగా మునిగినవారి జ్ఞాపకాన్ని అది పక్కకు నెడుతుంది.

వరద అనంతరం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసాపై హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920, 1927 సంవత్సరాలలో పూర్తయ్యాయి. వంతెన వరదను దాటించే ఉపాయం; జలాశయం వరదను ఆపే ఉపాయం. రెండవది వచ్చిన తరువాత మూసీ ప్రవాహం తగ్గింది. ఒకనాటి నది క్రమంగా మురుగునీటి కాలువగా మారింది. నది చిక్కిపోయిన కొద్దీ, ఇంత సన్నని నీటికి ఇంత పెద్ద వంతెన ఎందుకన్న సందేహం చూపరులకు కలగడం సహజం. ఆ సందేహానికి సమాధానంగా కూడా ప్రేమకథ పనికివచ్చింది.

నేటి సందర్శకుడు చూసేది

నేడు వాహనాలు పక్కన కట్టిన కొత్త వంతెన మీదుగా సాగుతున్నాయి. పాత వంతెనపై కూరగాయల అంగళ్లు వెలిశాయి. సమీపంలో నగరప్రాకారపు ద్వారాలలో మిగిలిన పురానాపూల్ దర్వాజా ఉంది. ముబారిజ్ ఖాను ఆరంభించగా మొదటి ఆసఫ్ జా పూర్తిచేసిన ప్రాకారంలో అది భాగం. వంతెనపై అంగళ్లను చూసి చారిత్రక కట్టడానికి జరిగిన అపచారంగా భావించేవారు ఉన్నారు. రాళ్ల సందులలో చెత్త పేరుకోవడం, మరమ్మతులు లేకపోవడం ఆక్షేపణీయాలే. అయితే తావెర్నియే వర్ణనను గుర్తుచేసుకొంటే ఈ దృశ్యం వేరుగా కనిపిస్తుంది. వర్తకులు, దళారులు, చేతిపనివారు రోజూ పొద్దున దాటి సాయంకాలం మరలిన వంతెన ఇది. తట్టలలో ఆకుకూరలు పెట్టుకొని కూర్చున్నవారు కట్టడం తొలి ప్రయోజనానికి రాజకుమారుని గుర్రం కన్న దగ్గరివారు.

చారిత్రక కట్టడాన్ని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దేటప్పుడు ఈ విచక్షణ అవసరం. ప్రేమకథను ఆధారం చేసుకొంటే అంగళ్లను ఖాళీ చేయించి, దీపాలు అమర్చి, యువరాజు బొమ్మ నిలపడం సరైన సంరక్షణగా తోస్తుంది. చరిత్రను ఆధారం చేసుకొంటే కమానులను, పునాదులను కాపాడుతూ, సామాన్యుల రాకపోకలకు, చిన్న వ్యాపారానికి చోటు ఉంచడమే సంరక్షణ అవుతుంది. ఏ కథను నమ్ముతామన్నది ఎవరిని అక్కడ ఉండనిస్తామన్న దానిని నిర్ణయిస్తుంది. రాజమహేంద్రవరంలో 1900లో ప్రారంభమై 1997లో రైళ్ల రాకపోకలు ఆగిన హేవలాక్ వంతెన విషయంలోను ఇదే ప్రశ్న ఎదురవుతుంది. రెండు దరుల జనాన్ని కలిపిన కట్టడాన్ని చూడదగిన వస్తువుగా మాత్రమే మిగల్చడమా, నడవదగిన దారిగా కూడా నిలుపుకోవడమా అన్నది ఆ ప్రశ్న.

ముగింపు

పురానాపూల్ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. వంతెన మహమ్మద్ కులీ ప్రణయం కోసం కట్టినదనే కథ కాలగణనకు నిలవదు. కథ తెలిసిన తావెర్నియే దానిని వంతెనతో కలపకపోవడం ఈ నిర్ణయాన్ని బలపరుస్తున్నది. ‘పురానా’ అనే పేరు 19వ శతాబ్దిలో కొత్త వంతెనలు వచ్చిన తరువాత ఏర్పడినదిగా కనిపిస్తుంది గనుక ‘ప్యారానా’ వ్యుత్పత్తి అర్వాచీనం. వెడల్పు, కమాను పద్ధతి, స్థలం, కాలం అన్నీ వంతెనను వ్యాపారానికి, నగరవిస్తరణకు ఉద్దేశించిన ప్రజాప్రయోజన నిర్మాణంగా చూపుతున్నాయి.

తెలుగు సాహిత్య చరిత్రలో ఇబ్రహీం కుతుబ్ షా కృతిభర్తగా, కవిపోషకుడుగా నిలిచాడు. ఆయన వ్యక్తిత్వంలోని ఈ రెండవ పార్శ్వాన్ని, అంటే దారులు వేసిన ప్రభువును, సాహిత్య చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. పరభాషా కవిని ఆదరించడం, అవతలి దరికి వంతెన కట్టడం ఒకే పాలనలో, ఒకే రాజధానిలో జరిగిన పనులు. అవతారికలో మల్కిభరాముని కీర్తిని చదివే పరిశోధకుడు మూసీపై ఉన్న 22 కమానులను కూడా ఆయన కాలపు ఆధారంగా చదవవలసి ఉన్నది. సప్తసంతానాలలో చేరకపోయినా ఆ కమానుల మీద జనం నేటికీ నడుస్తూనే ఉన్నారు.